పాడులో అక్క వంతు

బావ దినాలు ముగిసి, వచ్చిన చుట్టాలు ఇంకా బస్సెక్కక ముందే ఊరు మా అక్క వంతు తీసేసింది. తీసేస్తున్నామని ఎవరూ వచ్చి చెప్పలేదు. బావ పేరు రావలసిన చోట పక్కింటివాళ్ళ పేరు వచ్చింది, అంతే. వాళ్ళు వల భుజాన వేసుకొని పోతుంటే అక్క గడపలో నిలబడి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్కకు మాత్రం కోపం రావలసిన చోట ఆకలి వేస్తుంది. లోపలికి పోయి సద్దన్నం పెట్టుకొని తిన్నది.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. ఆ శబ్దానికి మా కోళ్ళు కూడా అలవాటుపడిపోయి తల ఎత్తి చూడవు. పాడు అనే మాట వినగానే బయటివాళ్ళు ఏదో చెడిపోయిందనుకుంటారు. మా దగ్గర పాడు అంటే వేట వంతు. సరస్సు నీళ్ళు సముద్రంలో కలిసే కాలవల్లో, ఆటుపోట్లకు రొయ్య కదిలే చోట్లు కొన్నే ఉంటాయి. అందరూ ఒకేసారి వలలు కడితే ఎవరికీ ఏమీ మిగలదు, తలలు పగలడం తప్ప. అందుకని తాతల నాటి నుంచి చీట్లు వేసి వంతులు పంచుకుంటున్నారు. ఇవాళ నీది, రేపు నాది. ఆ వంతు పెళ్ళైన మగవాడికి ఉంటుంది. అతను పోతే కొడుక్కి వస్తుంది. కొడుకు లేకపోతే ఊరిదే. మా అక్కకున్నది బడికి పోయే ఒక్క ఆడపిల్ల.

ఇందులో నాకు ఎక్కని సంగతి ఒకటుంది. బావకు చివరి ఏళ్ళలో నడుము పట్టేసింది. పడవలోకి ఎక్కించాలన్నా అక్కే పట్టుకోవాలి. గుంజలు పాతింది అక్క, వల కట్టింది అక్క, పొద్దు తిరిగాక ఎత్తి రొయ్యలు దులిపింది అక్క. బావ పడవ కొసన కూర్చొని బీడీ కాలుస్తూ "అట్టా కాదే, ఇట్టా" అనేవాడు, అదొక్కటే ఆయన చేసిన వేట. ఊరంతా చూసింది. ఒక్కరు నోరెత్తలేదు. పడవలో మగమనిషి ఉన్నాడు కదా, చాలు. ఆ మగమనిషి పోయిన మర్నాటి నుంచి అక్కకు వేట రాదని తేలిపోయింది.

అక్క రొయ్యలు వలిచే కంపెనీ వ్యాను ఎక్కడం మొదలుపెట్టింది. పొద్దంతా నిలబడి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలకాయలు తుంచే పని. రెండు నెలలు తిరక్కముందే వేళ్ళ సందులు ఒరిసి పుండ్లయ్యాయి. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటూ నవ్వేది. "మనమే పట్టాల్సిన రొయ్యకు మనమే కూలికి తల తీస్తా ఉండాం, చూసినావా మే," అనేది. నాకు నవ్వు రాలేదు.

నేను చెన్నైలో ఒక కంపెనీకి వెబ్ ప్రోగ్రాములు రాస్తాను. ఊళ్ళో ఇంట్లోనే కూర్చొని రాస్తాను, కరెంటు దయ ఉన్నంతసేపు. నన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకూ ఇంటర్‌ఫేసుకూ తేడా ఏమిటని. అందరినీ అడిగేదే. అందరిలాగే నేనూ బట్టీపట్టి అప్పజెప్పాను. అర్థమైంది మాత్రం అక్క సంగతిలోనే.

అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అంటే, వస్తువులు పోసే అచ్చుల్లో, సగం రాసి వదిలేసిన తండ్రి. తాను స్వయంగా ఏ పనికీ దిగదు, తన పేరుతో ఒక్క వస్తువునూ తయారు కానివ్వదు. తన కింద పుట్టిన క్లాసులకు మాత్రం కొంత ఆస్తి ఇస్తుంది, మిగతా పని మీరు చూసుకోండి అంటుంది. ఏది దక్కాలన్నా ముందు నువ్వు ఆ ఇంట్లో పుట్టి ఉండాలి. ఇంటర్‌ఫేసుకు పుట్టుకతో పనిలేదు. అది కొన్ని పనుల పేర్లు చెబుతుంది, మెథడ్లంటారు వాటిని. ఇవి నీకున్నాయా, అయితే లోపలికి రా. ఒక్కటి తగ్గినా ప్రోగ్రామ్ మొండికేసి కదలదు. నువ్వెవరి బిడ్డవని మాత్రం అడగదు. మనుషులకన్నా నయం అనుకునేదాన్ని.

అప్పట్లోనే మా ఊరిపెద్ద మా ఇంటికి వచ్చాడు. నాకు వరసకు మామ. పాడు వంతులను వలల కొట్టం గోడ మీద బొగ్గుతో రాస్తారు. ఆ రాత వానకు పోతుంది. వంతులున్న మగవాళ్ళలో కొందరు కృష్ణపట్నం పోర్టులోనో చెన్నైలోనో పనికి చేరి, ఫోన్లలోనే వంతులు మార్చుకుంటున్నారు. ఎవరి రోజు ఎవరిదో తెలియక రోజూ రచ్చే.

"పాపా, కంపెనీలకు ఏందేందో చేసిపెడతా ఉండావంట గదా. మన పాడు గూడా ఫోన్లో కనబడేట్టు చెయ్ తల్లీ. పుణ్యముంటాది," అన్నాడు.

నా బుర్రలో పురుగు తొలిచింది. "చేస్తా మామా. వంతున్నోళ్ళు ఏమేం చెయ్యాలో నాకు వరసగా చెప్పు. అది తెలియందే రాయలేను."

"ఏముంది. తన రోజున వల కట్టాల. పొద్దు తిరిగినాక చోటు ఖాళీ చేసి వెనకోళ్ళకు అప్పజెప్పాల. పట్టిన దాంట్లో గుడి భాగం గుడికియ్యాల."

"ఇంకా?"

"ఇంకేముంది, అంతే."

ఆయన అలా అంటాడనే అడిగాను. పనులడిగితే ఎవరైనా పనులే చెబుతారు, పుట్టుక గురించి చెప్పరు. అది గాలిలాంటిది, ఉందని గుర్తుకూడా ఉండదు.

ముందు అలవాటు కొద్దీ ఊరు ఎలా ఉందో అలాగే రాశాను. పైన ఇంటిపేరు అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్, దాని కింద కొడుకులు, వాళ్ళ కింద కొడుకులు. చక్కగా నడిచింది. అందులో అక్కను ఎక్కడ పెట్టాలా అని చూస్తే చోటు లేదు. కూతురు అనే క్లాస్ ఎక్కడా లేదు, పెళ్ళాం అనే క్లాస్ లేదు. అదంతా చెరిపేసి ఒక ఇంటర్‌ఫేస్ రాశాను. మామ చెప్పిన మూడే మూడు పనులు: వల కట్టడం, చోటు అప్పజెప్పడం, గుడి భాగం ఇవ్వడం. ఈ మూడూ ఉన్నవాళ్ళెవరైనా పాడులో ఉంటారు. అందరి పేర్ల తర్వాత అక్క పేరు చేర్చి నడిపించాను. తప్పుందని చూపే ఎర్రగీత ఒక్కటీ పడలేదు. వరసలో అక్క పేరు, పక్కన ఆమె రోజు వచ్చాయి. కుర్చీలోంచి లేచి గంతేశాను, నిజంగానే.

అక్కను పిలిచి చూపించాను.

"కొరివితో తల గోక్కుంటా ఉండావు మే," అంది.

"నీకెందుకే భయం? మామ చెప్పిన మాటలే రాసినా."

"మాటలదేముంది. మాటలు ఎన్నైనా చెప్తారు." అంటూనే చీరకొంగుతో చెయ్యి తుడుచుకొని, తన పేరున్న చోట వేలితో ముట్టుకుంది. ముట్టుకోగానే తెర కదిలిపోయి పేరు మాయమైంది. బెదిరిపోయి, "యాడికి పోయిందే!" అని అరిచింది. వెనక్కి తెచ్చి చూపిస్తే గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఆదివారం వలల కొట్టంలో టీవీకి తగిలించి ఊరందరికీ చూపించాను. ఆడవాళ్ళు ఎప్పటిలాగే బయట గోడవారన నిలబడ్డారు, అక్క వాళ్ళలో ఉంది. పేర్లు ఒక్కొక్కటే కిందికి పోతుంటే మగవాళ్ళు చంకలు గుద్దుకున్నారు, "ఇదో నాది, ఇదో నాది" అని. చివరికి అక్క పేరు వచ్చింది.

"ఇదేంది పాపా, ఈ పేరు ఈడెందుకుండాది?" అన్నాడు మామ.

"నువ్వు చెప్పిందే గదా మామా. ఆ మూడు పనులు చేతనైనోళ్ళకు వంతు. అక్కకు మూడూ చేతనవుతాయి. కాదంటావా?"

"నేను మొగోళ్ళను గురించి చెప్పినా."

"ఆ ముక్క నువ్వు చెప్పలేదే! ఇంకేముంది, అంతే అన్నావు."

వెనక నుంచి ఎవరో "చిక్కినాడురా మామ" అని నవ్వారు. ఇంకొకాయన లేచి, ఆడది కాలవలో గుంజ పాతితే అమ్మవారు ఊరుకుంటుందా అన్నాడు. నాకు తిక్క రేగింది. "ఇన్నాళ్ళూ పాతింది మా అక్కే గదా! ఊరుకునింది గదా మీ అమ్మోరు!"

"అప్పుడు ఆయన కూర్చోనుండాడు పడవలో."

"కూర్చున్నందుకా వంతు? అట్నైతే ఒక బొమ్మకు పంచె కట్టి కూర్చోబెడతాం, పోనిస్తారా?"

బయట ఆడవాళ్ళ నవ్వు వినబడింది. మామ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. గడ్డం గోక్కుంటూ టీవీ వైపు చూశాడు. చివరికి, "పేరు ఉండనీండి. ఆ బిడ్డ చెప్పింది గూడా నిజమే గదా," అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. బయట అక్క గోడకు ఆనుకొని కూలబడి ఏడ్చింది.

ఆ వారమే అక్క కంపెనీ పని మానేసింది. వంతు వచ్చాక మానుకోవే అని మొత్తుకున్నాను. "వేళ్ళు చూడు మే, పుండ్లు మానకపోతే తాడెట్నా లాగేది?" అంది. అటక మీద నుంచి బావ వల దించి, ఎలుకలు కొరికిన కళ్ళన్నీ అల్లుకుంటూ వాకిట్లో కూర్చుంది. పిల్ల బడి నుంచి రాగానే పక్కన చేరి దారం అందించేది. మా ఇంట్లో అంత సంతోషం మళ్ళీ చూడలేదు.

కొన్నాళ్ళకు మామ మళ్ళీ వచ్చాడు. "ఇదంతా నీ ఒక్కదాని చేతిలో ఉంటే ఎట్నా పాపా? నీకు జొరమొస్తే? మా అల్లుడు గూడా ఆ పనే గదా చేసేది. వాడు గూడా చూసుకుంటా ఉంటాడులే," అన్నాడు. న్యాయమే అనిపించింది. మా కంపెనీలోనూ ఏ కోడూ ఒక్కరి చేతిలో ఉండదు. ఆ అల్లుడు నాకు వరసకు అన్న, చెన్నైలో ఉంటాడు, మంచివాడు. కోడ్ తెరిచే తాళం ఇచ్చేశాను.

తర్వాత మత్స్యశాఖ ఆఫీసర్లు వచ్చారు. మామ వాళ్ళకు ఫోన్ తెరిచి చూపించి, మా ఊళ్ళో ఆడవాళ్ళకు కూడా పాడుందని గొప్పగా చెప్పాడు. అక్కను పిలిపించారు. గట్టు మీద పొడినేలలో అక్క చేత వల పట్టించి ఫొటో తీసుకున్నారు. మామ పక్కన నిలబడి, "అట్టా కాదమ్మా, ఇట్టా పట్టుకో," అని సర్దుతూ ఉన్నాడు. నేను మురిసిపోతూ చూస్తూ నిలబడ్డాను.

అక్క వంతు రాలేదు. మొదట్లో పేర్లు ఎక్కువ కదా, వస్తుందిలే అనుకున్నాం. అక్క ముందున్న పేరు వచ్చింది. వరస మళ్ళీ మొదటికి తిరిగింది. మళ్ళీ అక్క దాకా వచ్చి, అక్కను దాటేసి పోయింది. నేనెక్కడో తప్పు రాశానేమోనని కోడ్ తెరిచాను.

చెన్నై అన్న, అక్క కోసమని విడిగా ఒక క్లాస్ రాసి పెట్టాడు. దానికి గౌరవ సభ్యురాలు అని పేరు. నా ఇంటర్‌ఫేస్ చెప్పినట్టు మూడు పనుల పేర్లూ అందులో ఉన్నాయి. వల కట్టడం ఉంది. తెరిచిన బ్రాకెట్, మూసిన బ్రాకెట్, మధ్యలో ఏమీ లేదు. చోటు అప్పజెప్పడం ఉంది, అందులోనూ ఏమీ లేదు. గుడి భాగంలో మాత్రం రాశాడు. పట్టినా పట్టకపోయినా అది వసూలవుతుంది. ప్రోగ్రామ్ వరసగా అందరినీ పిలుచుకుంటూ వస్తుంది. అక్క దగ్గరికి వచ్చినప్పుడు అక్కనూ పిలుస్తుంది, వల కట్టమంటుంది. లోపల ఏమీ లేదు కాబట్టి ఏమీ జరగదు. మర్యాదగా పక్క పేరుకు పోతుంది.

ఫోన్ చేసి ఎడాపెడా తిట్టాను. అన్న అంతా విని, "నీ ఇంటర్‌ఫేస్‌ను నేను ముట్టుకోలా చెల్లే. మూడు మెథడ్లూ ఉండాయి గదా," అన్నాడు. గొంతు తగ్గించి, "మామ చెప్పినాడు. ఇంటి అల్లుణ్ణి, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

అతను అన్నది నిజం. అదే నాకు చచ్చేంత బాధ. ఇంటర్‌ఫేస్ అడిగేది పని పేరు ఉందా అని మాత్రమే. ఆ పేరు లోపల ఏం జరుగుతుందో అది చూడదు, దానికి అక్కర్లేదు. ఇన్నేళ్ళూ వందసార్లు నేనే పైకి అప్పజెప్పిన మాట అది. ఖాళీగా ఉన్నా చెల్లుతుందని తెలిసీ, మా ఊరికి మాత్రం అది తెలియదనుకున్నాను.

మామ ఇంటికి పోయాను. మంచం మీద కూర్చొని వల దారం పేనుతున్నాడు.

"పేరు తీసేసినామా పాపా? లేదు గదా. నీ మాట ఒక్కటి గూడా తప్పలా," అన్నాడు.

"ఇప్పుడే పోయి మార్చేస్తా మామా. రేపు అక్క వంతు వస్తాది, చూస్తా ఉండు."

"మార్చుకో." ఆయన గొంతులో విసుగు కూడా లేదు. "ఫోన్లో ఏముంటే ఏం తల్లీ? రేపు మీ అక్క పడవేసుకొని పోతే, ఆవలి గుంజ పట్టుకునేదానికి ఎవురొస్తారు? నువ్వొస్తావా? వల కట్టినాక పక్క పడవలోళ్ళు తొక్కి పోకుండా చూసేదెవురు? నువ్వు రాసేది నువ్వు రాసుకో. కాలవలో ఉండేది మేము."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. నేనేదో దేవుణ్ణని కాదు. కానీ ఆ మనిషి ముఖంలో ఒక్క పిసరు కోపం కనబడినా నాకు బలం వచ్చేది. కోపం లేదు. ఆయన దృష్టిలో అక్కకు అన్యాయమే జరగలేదు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. ఆ ఖాళీ బ్రాకెట్ల మధ్య రాయడానికి చెయ్యి పెట్టాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం చేస్తా ఉండావు?"

చెప్పడమా మానడమా అని తడుముకుంటుంటే, "నాకు తెలుసులే మే," అంది.

"ఏం తెలుసు?"

"ఆ ఫొటో తీసిననాడే తెలిసిపోయింది. ఇన్నేళ్ళు వల కట్టినదానికి, వల ఎట్నా పట్టుకోవాలో మామ నేర్పిస్తా ఉంటే ఇంక తెలియదా ఏంది? పేరు గొప్ప, ఊరు దిబ్బ." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "కదిలియ్యబాక. వదిలేయ్."

"వదిలేసేదేందే? మోసం చేస్తా ఉంటే!"

"నువ్వు కెలికితే పేరు గూడా తీసేస్తారు. అమ్మోరికి పెట్టేటప్పుడు పాడుండే ఇండ్ల పేర్లు చదువుతారు గదా, మొన్న మన పేరు గూడా చదివినారు. మీ బావ పోయినాక ఈ ఇంటి పేరు ఎవురన్నా పలకడం అదే మొదలు. అదన్నా ఉండనీ. దాన్ని గూడా పోగొట్టబాక నీకు దణ్ణం పెడతా."

నిజంగానే చేతులు జోడించింది. ఆ వేళ్ళ మీద మానిన పుండ్ల మచ్చలు తెల్లగా ఉన్నాయి. నేను ఒక్క అక్షరం రాయకుండా మూసేశాను. అలాంటి ఖాళీని రాసినవాడి మీదకన్నా అది మిగిలితే చాలని బతిమాలుకునేలా మా అక్కను చేసిన బతుకు మీద ఏడుపు వచ్చింది. అక్క లేచి, బాగుచేసిన వలను మడతలు పెట్టి అటక మీదికి ఎక్కించింది.

రొయ్యల కంపెనీవాళ్ళు అక్కను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఒకరోజు పొద్దున అన్నం క్యారేజీ మరిచిపోయి పోతే రోడ్డు దాకా పరుగెత్తాను. వ్యాను ఇంకా కదల్లేదు. కిటికీలోంచి చూస్తే, అక్క పక్క ఊరి ఆడమనిషికి ఫోన్ చూపిస్తూ ఉంది. తెర జరిగిపోతుందేమోనని వేలు తగలనివ్వకుండా అంచుల్లో పట్టుకుంది.

"ఇదో, నా పేరు," అంటోంది. "మాకు గూడా పాడుండాది."